పొద్దున ఐదు నుంచి ఏడు దాకా మా జావా యాప్ బిగుసుకుపోతోంది, సీపీయూ చూస్తే ఖాళీ

ఇందుకూరుపేట_కుర్రోడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. పన్నెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను నెల్లూరులో రొయ్యలు కొనే ఒక కంపెనీలో పని చేస్తున్నా. కోవిడ్ అప్పుడు బెంగళూరు నుంచి ఇంటికి వచ్చి ఇక్కడే ఆగిపోయా. సాఫ్ట్‌వేర్ అంటే నేనొక్కడినే. కోడ్ రాసేదీ నేనే, సర్వర్ చూసేదీ నేనే, ట్యాబ్ ఛార్జర్ పోతే తిట్లు తినేదీ నేనే.

యాప్ చేసే పని ఇది. గుంట (రొయ్యల చెరువు) దగ్గర పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి తూచడం, జరిగేటప్పుడు మా సూపర్‌వైజరు కాటా పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడతాడు. క్రేటు కాటా మీద పెట్టగానే బరువు కొట్టి సేవ్ నొక్కుతాడు. మధ్యమధ్యలో కౌంట్ చూసి అదీ ఎక్కిస్తాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అనేది. 30 అంటే పెద్ద రొయ్య, 100 అంటే చిన్నది, రేటు మొత్తం దాని మీదే. రైతు ఇంట్లోవాళ్లు తమ ఫోన్లో లైవ్ తూకం పేజీ తెరిచి చూసుకోవచ్చు. ఆ పేజీ ఐదు సెకన్లకోసారి తనంతట తనే రిఫ్రెష్ అవుతుంది.

మధ్యాహ్నం ఎవరైనా పట్టుబడి పెట్టుకుంటే యాప్ పరుగులు పెడుతుంది. పొద్దున ఐదున్నర దాటితే చాలు, సేవ్ నొక్కితే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. అర నిమిషం తిరిగి ఎర్ర మెసేజ్ వస్తుంది. సూపర్‌వైజరు ఊరుకుంటాడా, ఇంకో మూడు సార్లు నొక్కుతాడు. అందులో రెండు సేవ్ అవుతాయి. ఒకే క్రేటు రెండు సార్లు ఎక్కిందని తర్వాత ఆఫీసులో గొడవ. ఈలోపు గట్టు మీద వ్యాన్ ఆగి ఉంటుంది, ఐస్ కరిగిపోతుంటుంది, రైతు మా ఓనరుకు ఫోన్ చేస్తాడు, ఓనరు నాకు చేస్తాడు. మొన్న మైపాడు పక్క గుంట మీద చివరికి కాగితం మీద రాసుకున్నారు.

సర్వర్ 4 కోర్లు, 16 జీబీ ర్యామ్. జావా 11, స్ప్రింగ్ బూట్ 2 (జావా యాప్ కట్టే ఫ్రేమ్‌వర్క్), హైబర్నేట్ (జావా కోడ్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉండేది), డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. టామ్‌క్యాట్ (వెబ్ రిక్వెస్టులు అందుకునే సర్వర్) స్ప్రింగ్ బూట్ లోపల వచ్చేదే.

ఇప్పటిదాకా చేసినవి. ముందు హీప్ (జావాకి ఇచ్చే మెమరీ) 4 నుంచి 10 జీబీ చేశా, ఏమీ మారలేదు. లాగ్‌లో హికారీ పూల్ (డేటాబేస్ కనెక్షన్లు ముందే తెరిచి పెట్టుకుని అడిగినవాళ్లకి ఇచ్చేది) నుంచి కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్లు చూసి వదిలేశా అని వస్తోంది. అంటే డేటాబేస్ నెమ్మదిగా ఉందనుకుని నాలుగు రోజులు ఇండెక్సుల మీద పడ్డా. స్లో క్వెరీ లాగ్ తెరిస్తే అందులో ఏమీ లేదు, ఖాళీ. తర్వాత పూల్ 10 నుంచి 30 చేశా. రెండు రోజులు హాయిగా నడిచింది, ఓనరు టీ కూడా ఇప్పించాడు. మూడో రోజు మళ్లీ మొదటికే వచ్చింది.

నన్ను పిచ్చెక్కిస్తున్నది ఇదొక్కటే. యాప్ బిగుసుకున్న టైములో టాప్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ 8 శాతం. డిస్క్ మీద లోడ్ లేదు. మైఎస్‌క్యూఎల్ నిద్రపోతోంది. అందరూ ఖాళీగా కూర్చుని ఉంటే పని ఎందుకు ఆగుతోంది? ఎక్కడ చూడాలో కూడా తెలియట్లేదు.

క్లౌడ్_కింగ్

బ్రో, 16 జీబీ ఏం సరిపోతుంది? 32కి వెళ్లు. అసలు ఒకే యాప్‌గా పెట్టడమే తప్పు, తూకం వేరు, లైవ్ పేజీ వేరు చేసి మైక్రోసర్వీసులుగా విడగొట్టు. ఈ కాలంలో ఇంకా జావా 11 ఏంటి?

చీమకుర్తి_వేబ్రిడ్జి

పైన తమ్ముడు చెప్పింది ఇప్పుడు చేయొద్దు. సీపీయూ 8 శాతం ఉన్న మెషీన్‌కి ఇంకో మెషీన్ తోడిస్తే రెండూ కలిసి నిద్రపోతాయి. విడగొడితే ఒక చోట ఆగేది నాలుగు చోట్ల ఆగుతుంది, వెతకడానికి నీకు ఇంకా కష్టం.

నేను గ్రానైట్ వైపు సాఫ్ట్‌వేర్ చూస్తా. క్వారీ లారీలు, వేబ్రిడ్జి, బిల్లులు, అవే. పదకొండేళ్లలో ఇలాంటివి నాలుగైదు చూశా. ప్రతిసారీ చేసింది ఒకటే, ఊహలు ఆపేసి థ్రెడ్ డంప్ తీయడం. ఒక్కో రిక్వెస్ట్ పనిని ఒక్కో థ్రెడ్ చేస్తుంది, ఆ క్షణంలో ఏ థ్రెడ్ కోడ్‌లో ఏ లైన్ మీద ఉందో చూపించేదే ఆ డంప్.

రేపు పొద్దున యాప్ ఆగిన క్షణంలో, ఆగాక రీస్టార్ట్ చేసి కాదు, ఆగి ఉన్నప్పుడే, జేస్టాక్ కమాండ్‌కి జావా ప్రాసెస్ నంబర్ ఇచ్చి ఫైల్‌లోకి మళ్లించు. పది సెకన్లు ఆగి ఇంకోటి, మళ్లీ పది సెకన్లకి ఇంకోటి. ఒక్కటి తీస్తే అది ఫోటో మాత్రమే. మూడూ పక్కన పెట్టి చూస్తే ఏ థ్రెడ్ కదలకుండా అక్కడే కూర్చుందో తెలుస్తుంది. తర్వాత టామ్‌క్యాట్ థ్రెడ్లు మాత్రమే చూడు, పేర్లు హెచ్‌టీటీపీ ఎన్ఐఓ అని మొదలవుతాయి. మిగతావి జావా సొంత పనులు, వాటితో నీకు పని లేదు. ఎన్ని థ్రెడ్లు ఒకే లైన్ మీద నిలబడ్డాయో లెక్కపెట్టి ఇక్కడ రాయి.

ఇంకో ప్రశ్న. సేవ్ నొక్కితే డేటాబేస్‌లో రాయడం కాక ఇంకేమైనా జరుగుతుందా? బయటి సర్వీసు ఏదన్నా?

ఇందుకూరుపేట_కుర్రోడు

అన్నా, డంప్ తీసినా. పొద్దున నాలుగున్నరకే ఆఫీసుకొచ్చి కూర్చున్నా, వాచ్‌మన్ దొంగననుకున్నాడు. 5:50కి సూపర్‌వైజర్ల గ్రూపులో మొదటి తిట్టు పడింది, వెంటనే కొట్టా. మూడూ దొరికాయి.

లెక్క చెప్తా. టామ్‌క్యాట్ థ్రెడ్లు మొత్తం 200. అందులో సుమారు 170 హికారీ గెట్ కనెక్షన్ దగ్గర, అంటే పూల్ నుంచి కనెక్షన్ కోసం, టైమ్డ్ వెయిటింగ్‌లో ఉన్నాయి. సరిగ్గా 30 థ్రెడ్లు సాకెట్ రీడ్ జీరో దగ్గర ఉన్నాయి. వాటి స్టేట్ రన్నబుల్ (నడుస్తోంది) అని చూపిస్తోంది, అంటే ఇవి పని చేస్తున్నట్టే కదా, మరి సీపీయూ ఎందుకు లేవట్లేదు?

ఆ 30 థ్రెడ్ల స్టాక్ (ఏ మెథడ్ ఏ మెథడ్‌ని పిలిచిందో చెప్పే వరస) కిందికి చదువుకుంటూ పోతే మన కోడ్‌లో ఎస్ఎంఎస్ పంపే మెథడ్ కనపడింది. అవునన్నా, నీ ప్రశ్నకి జవాబు అదే. ముందు రాయడం మర్చిపోయా, అది సంబంధం లేని విషయం అనుకున్నా. మొదట్లో పట్టుబడి అంతా అయ్యాక రైతుకు ఒక్క మెసేజ్ పోయేది, మొత్తం ఇన్ని కిలోలు అని. కాటాలో మోసం చేస్తున్నారని రైతులకి ఎప్పుడూ అనుమానమే. అందుకని నెల కిందట ఓనరు ప్రతి క్రేటుకీ మెసేజ్ పోవాలన్నాడు. రైతు గట్టు మీద నిలబడి ఫోన్లో నంబరూ కాటా మీద నంబరూ సరిచూసుకుంటాడు. ఆ పని నేను ఒక్క సాయంత్రంలో చేసేశా. తూకం సేవ్ చేసే మెథడ్‌లోనే చివర రెండు లైన్లు.

చీమకుర్తి_వేబ్రిడ్జి

దొరికింది తమ్ముడూ. ఆ రెండు లైన్లే.

ముందు రన్నబుల్ సంగతి. అవతలి నుంచి జవాబు కోసం నెట్‌వర్క్ మీద ఎదురు చూసే థ్రెడ్‌ని కూడా జావా రన్నబుల్ అనే చూపిస్తుంది. ఎదురు చూసేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల, జావాకి ఆ సంగతి కనపడదు. సాకెట్ రీడ్ జీరో అని ఉంటే అది ఖాళీగా నిలబడ్డట్టే లెక్క. నీ సీపీయూ లేవకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు మా వేబ్రిడ్జి మీద జరిగింది చెప్తా, నీది అచ్చంగా అలాగే ఉంది. లారీ ఎక్కి తూకం చూసుకుని దిగడానికి నిమిషం పట్టదు. ఒకసారి ఒక డ్రైవరు లారీని పళ్లెం మీదే ఉంచి, కిందికి దిగి, ఆఫీసుకు ఫోన్ కలుపుకుని, పర్మిట్ నంబరు చెప్పండి సార్ అంటూ నిలబడ్డాడు. వెనక రోడ్డు మీదికి లారీలు. తూచే మిషన్‌ది తప్పు లేదు, కాటా రాసే కుర్రాడిది తప్పు లేదు. ఫోన్ మాట్లాడాలనుకున్నవాడు లారీ దించి పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

నీ పళ్లేలు ఆ 30 కనెక్షన్లు. ట్రాన్సాక్షనల్ (లోపలి రాతలన్నీ కలిసి పడాలి, లేదంటే ఏదీ పడకూడదు) అని పెట్టిన మెథడ్‌లోకి వెళ్లిన థ్రెడ్ ఒక కనెక్షన్ తీసుకుంటుంది, మెథడ్ అయ్యేదాకా వదలదు. తూకం రాయడానికి ఐదు మిల్లీసెకన్లు కూడా పట్టి ఉండదు. మిగతా టైమంతా కనెక్షన్ చేతిలో పట్టుకుని ఎస్ఎంఎస్ వాడి జవాబు కోసం నిలబడుతోంది. లైవ్ పేజీ చూసేవాళ్ల రిక్వెస్టులు కూడా అదే వరసలో వెనక ఇరుక్కుంటున్నాయి. వాటికి కావాల్సింది రెండు మిల్లీసెకన్ల క్వెరీ, నిలబడేది 30 సెకన్లు. పైగా ఐదు సెకన్లకోసారి కొత్తవి వచ్చి చేరతాయి. అట్లా 200 నిండిపోయాయి.

మధ్యాహ్నం ఎస్ఎంఎస్ గేట్‌వే ఎంతలో జవాబిస్తోంది, పొద్దున ఎంతలో? చూసి చెప్పు.

ఇందుకూరుపేట_కుర్రోడు

లాగ్ పెట్టి చూశా. మధ్యాహ్నం 300 మిల్లీసెకన్లు. పొద్దున 6 సెకన్లు, ఒక్కోసారి తొమ్మిది కూడా. ఆ టైములో అందరూ వాళ్ల మీదే పడతారేమో.

అప్పుడు కాగితం మీద లెక్క వేసుకున్నా. 30 కనెక్షన్లు, ఒక్కో సేవ్‌కి 0.3 సెకను అంటే సెకనుకు 100 తూకాలు. అవే 30, ఒక్కో సేవ్‌కి 6 సెకన్లు అంటే సెకనుకు 5. పొద్దున మాకు సుమారు 40 గుంటల మీద ఒకేసారి కాటా నడుస్తుంది, ఒక్కో గుంట మీద ఎనిమిది పది సెకన్లకు ఒక క్రేటు. అంటే సెకనుకు నాలుగైదు. సరిగ్గా అంచు మీద ఉన్నాం. సూపర్‌వైజరు రెండోసారి నొక్కాడంటే అంచు దాటినట్టే. పూల్ 30 చేసిన రెండు రోజులు ఎందుకు బాగుందో, మూడో రోజు ఎందుకు పోయిందో ఈ లెక్క చూశాక గానీ అర్థం కాలేదు. మూడో రోజు పట్టుబడులు ఎక్కువ, అంతే.

ఇంకోటి చూసి వెన్ను జలదరించింది. ఎస్ఎంఎస్ పిలిచే రెస్ట్ టెంప్లేట్‌కి (బయటి సర్వీసుని పిలిచే స్ప్రింగ్ సాధనం) టైమవుట్ పెట్టలేదు. పెట్టకపోతే ఎంతసేపైనా చూస్తూనే ఉంటుందట. అవతలివాడు లైన్ పట్టుకుని మాట్లాడకుండా కూర్చుంటే మన థ్రెడ్ తెల్లారేదాకా అక్కడే.

సరే అని నిన్న రాత్రి ఎస్ఎంఎస్ పిలుపుని సర్వీసు మెథడ్‌లోంచి తీసి కంట్రోలర్‌లో (రిక్వెస్ట్‌ని ముందు అందుకుని సర్వీసుని పిలిచే కోడ్) పెట్టా. సేవ్ అయిపోయాక, ట్రాన్సాక్షన్ బయట. పొద్దున మళ్లీ అదే గోల! డంప్ కూడా అదే. ఏందన్నా ఇది?

అక్క_ఫ్రం_కావలి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఇది నేను కూడా తిన్న దెబ్బే.

యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగ్ పైకి వెళ్లి చూడు తమ్ముడూ. ఓపెన్ ఇన్ వ్యూ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది అని ఒక వార్నింగ్ ఉంటుంది. రోజూ కనపడుతుంది కాబట్టి ఎవరూ చదవరు. అది ఆన్‌లో ఉంటే హైబర్నేట్ సెషన్ రిక్వెస్ట్ మొదలు నుంచి చివరిదాకా తెరిచే ఉంటుంది. మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్‌ని ట్రాన్సాక్షన్ అయిపోయినా వదలకుండా రిక్వెస్ట్ ముగిసేదాకా పట్టుకుంటుంది. నువ్వు ఎస్ఎంఎస్‌ని కంట్రోలర్‌కి మార్చావు, కంట్రోలర్ కూడా ఆ రిక్వెస్ట్ లోపలే కదా. లారీ పళ్లెం దిగనేలేదు, డ్రైవరు నిలబడే చోటు మారిందంతే.

దాన్ని ఫాల్స్ చెయ్యి. చేసిన వెంటనే రెండు మూడు పేజీల్లో లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ (సెషన్ మూసేశాక ఇంకా డేటా అడిగితే వచ్చే ఎర్రర్) వస్తుంది, భయపడొద్దు. ఇన్నాళ్లూ ఆ పేజీలు టెంప్లేట్‌లోంచి దొంగచాటుగా క్వెరీలు కొడుతున్నాయన్నమాట. కావాల్సిన డేటాని సర్వీసులోనే జాయిన్ ఫెచ్ పెట్టి ఒకే క్వెరీలో కలిపి తెచ్చుకో.

ఎస్ఎంఎస్ గురించి. చాలామంది కమిట్ (రాత ఖాయం) అయ్యాక నడిచే ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ పెట్టమంటారు. ఒక్కదాన్నే పెడితే చాలదు. కమిట్ అయిన క్షణంలో అది అదే థ్రెడ్ మీద నడుస్తుంది, అప్పటికి కనెక్షన్ ఇంకా పూల్‌కి తిరిగి వెళ్లి ఉండదు. వేరే థ్రెడ్ మీద నడిచేలా అసింక్ కూడా పెట్టాలి. అసింక్ పెడితే ఇంకో చిక్కు. మెసేజ్‌లు మెమరీలో వరస కడతాయి, సర్వర్ రీస్టార్ట్ అయితే ఆ వరస మొత్తం గాల్లో కలిసిపోతుంది. నీ దగ్గర మెసేజ్ అంటే రైతు నమ్మకం. ఒక్కటి రాకపోయినా కాటాలో మోసం అంటారు. అందుకని టేబుల్ ఒకటి పెట్టు. తూకం రాసే ట్రాన్సాక్షన్‌లోనే పంపాల్సిన మెసేజ్‌ని ఆ టేబుల్‌లో ఒక వరసగా రాసేయి. రెండు సెకన్లకోసారి లేచే జాబ్ ఒకటి దాన్ని చదివి పంపుతుంది. తూకం పడితే మెసేజ్ కూడా పడ్డట్టే, తూకం రోల్‌బ్యాక్ (రద్దు) అయితే మెసేజ్ కూడా పోతుంది.

డబుల్ ఎంట్రీల సంగతి ఎవరూ మాట్లాడలేదు. యాప్ వేగం పెరిగినా అది పోదు. గట్టు మీద సిగ్నల్ ఊగిసలాడుతుంది, జవాబు దారిలో పోతే మనిషి మళ్లీ నొక్కుతాడు. ట్యాబ్‌లో క్రేటు స్క్రీన్ తెరుచుకున్నప్పుడే ఒక యూయూఐడీ (ఇంకెక్కడా మళ్లీ రాని గుర్తు) పుట్టించి సేవ్‌తో పాటు పంపించు. డేటాబేస్‌లో దాని మీద యూనిక్ ఇండెక్స్, అంటే అదే గుర్తుని రెండోసారి ఎక్కనివ్వదు. పది సార్లు నొక్కినా ఒక్కటే ఎక్కుతుంది. రెండోది వస్తే ఎర్ర మెసేజ్ చూపించొద్దు, మొదటిదాని జవాబే తిరిగి ఇవ్వు.

చీమకుర్తి_వేబ్రిడ్జి

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు. ఓపెన్ ఇన్ వ్యూ నాకు తట్టలేదు, మా దగ్గర ఎప్పుడో ఆపేసి మర్చిపోయా.

రెండు ముక్కలు కలుపుతా. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ అని ఉంది, 2000 పెట్టుకో. ఏ థ్రెడ్ అయినా రెండు సెకన్ల కన్నా ఎక్కువ కనెక్షన్ పట్టుకుంటే స్టాక్ మొత్తం లాగ్‌లో పడేస్తుంది. ఇంకోసారి ఇలాంటిది జరిగితే నాలుగున్నరకి లేచి వాచ్‌మన్‌ని భయపెట్టాల్సిన పని లేదు. రెండోది, అన్నీ అయ్యాక పూల్‌ని మళ్లీ 10కి దించు. నీ 4 కోర్ల మెషీన్‌కి అది చాలు. 30 దగ్గరే వదిలేస్తే రేపు ఇంకో తప్పు వచ్చినా రెండు వారాలు దాక్కుంటుంది.

క్లౌడ్_కింగ్

సరే, 32 జీబీ మాట వెనక్కి తీసుకుంటున్నా. జావా 11 మాత్రం మార్చు బ్రో.

ఇందుకూరుపేట_కుర్రోడు

ఆలస్యంగా రాస్తున్నా, తొమ్మిది రోజులైంది. ఇప్పుడు పూల్ 10. ఈరోజు పొద్దున 46 గుంటల మీద కాటా నడిచింది. సేవ్ 20 మిల్లీసెకన్ల లోపే. హికారీలో ఎదురు చూసే థ్రెడ్లు ఎప్పుడు చూసినా సున్నా. గేట్‌వే మాత్రం పొద్దున అలాగే ఆరు సెకన్లు తీసుకుంటోంది, దాన్ని మనమేమీ చేయలేం. మెసేజ్ ఆలస్యంగా వచ్చినా రైతుకు బాధ లేదు, కాటా ఆగకపోతే చాలు.

మధ్యలో ఒక ఘనకార్యం చేశా, అది కూడా చెప్పాలి. ఆ రెండు సెకన్ల జాబ్ రాసేటప్పుడు అలవాటుగా దాని నెత్తిన కూడా ట్రాన్సాక్షనల్ తగిలించా. 50 మెసేజ్‌లు చదవడం, ఒక్కోటి పంపి పంపాను అని టిక్ పెట్టడం, మొత్తం ఒకే ట్రాన్సాక్షన్. ఒక రైతు ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి. గేట్‌వే ఎర్రర్ ఇచ్చింది, ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది, ముందు పెట్టిన టిక్కులన్నీ చెరిగిపోయాయి. వెళ్లిన మెసేజ్‌లు మాత్రం వెనక్కి రావు కదా. జాబ్ మళ్లీ లేచింది, మళ్లీ అదే 50, మళ్లీ అదే నంబరు దగ్గర బోల్తా. నేను చూసి ఆపేలోపు విడవలూరు వైపు రైతుకి ఒకే క్రేటు మీద పద్నాలుగు మెసేజ్‌లు పోయినాయి. ఆయన ఓనరుకు ఫోన్ చేసి, ఏందబ్బా, నా ఒక్క క్రేటుని పద్నాలుగు సార్లు కాటా ఎక్కించినారా, అయితే డబ్బులు కూడా అట్లనే ఇవ్వండి అన్నాడంట. ఓనరు నవ్వాడు కాబట్టి బతికిపోయా.

ఇప్పుడు జాబ్‌కి ట్రాన్సాక్షన్ లేదు. ఒక్కో మెసేజ్ పంపాక దాని టిక్ మాత్రం చిన్న ట్రాన్సాక్షన్‌లో పెడుతున్నా. మూడు సార్లు ఫెయిలైతే పక్కన పెట్టేసి నాకు చెప్తుంది. టైమవుట్ పది సెకన్లు.

అక్కా, ఓపెన్ ఇన్ వ్యూ ఆపగానే నువ్వు చెప్పినట్టే మూడు పేజీలు పడ్డాయి. రెండు బాగు చేశా. మూడోది రైతు సీజన్ స్టేట్‌మెంట్. దానికి పాత పద్ధతిలో ఎన్ని క్వెరీలు పోతున్నాయో లెక్కపెట్టా. ఒక్క పేజీకి 1,140. గుంటలకి ఒకటి, ఒక్కో గుంటకి పట్టుబడులు, ఒక్కో పట్టుబడికి క్రేట్లు, ఒక్కో క్రేటుకి కౌంట్. ఒకే జాయిన్‌లో అన్నీ లాగుదామంటే ఒకటికి మించి లిస్టులు ఒకేసారి ఫెచ్ చేయను అని హైబర్నేట్ మొండికేస్తోంది. మల్టిపుల్ బ్యాగ్ ఎక్సెప్షన్. లిస్టుల్ని సెట్లుగా మారిస్తే ఎర్రర్ పోయింది గానీ వరసలు ఒకదాంతో ఒకటి గుణించుకుని పేజీ ఇంకా నెమ్మదైంది. దీనికేం చేస్తారు?

అక్క_ఫ్రం_కావలి

సెట్లు వెనక్కి మార్చేయి. గుంటలూ పట్టుబడులూ ఒక క్వెరీ, ఆ పట్టుబడుల ఐడీలు ఇన్‌లో పెట్టి క్రేట్లు ఇంకో క్వెరీ, కౌంట్లు మూడోది. మూడు చాలు. అసలు ఆ పేజీలో క్రేటు క్రేటుకీ వరస చూపిస్తున్నావా, లేక పట్టుబడికి మొత్తం కిలోలే చూపిస్తున్నావా? మొత్తాలే అయితే ఎంటిటీలు (ఒక్కో వరసకి ఒక జావా ఆబ్జెక్ట్) తేవడం ఎందుకు, గ్రూప్ బై పెట్టి డేటాబేస్‌లోనే మొత్తం కట్టే ఒక్క క్వెరీతో అయిపోతుంది.

ఇందుకూరుపేట_కుర్రోడు

మొత్తాలే అక్కా. ఇప్పుడే మారుస్తా.